యుద్ధఖైదీ అంటే ఎవరో తేల్చుకున్నాక కొట్లాడుకోండి

సంపాదకులు గారికి,

సరిహద్దులో ఎవరైనా సైనికుడు అవతలివాళ్లకు చిక్కాడంటే చాలు, మర్నాటికల్లా మన నాయకులు రెండు జట్లవుతారు. "వాళ్లవాడు దొరికితే మనం బిర్యానీ పెట్టి పంపాలా" అని ఒక జట్టు. "మనది నాగరిక దేశం, జాలి చూపాలి" అని రెండో జట్టు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా టీ గ్లాసు పట్టుకుని వాదించుకునేవాళ్ల నోట కూడా ఈ రెండు మాటలే. కుర్రాళ్లను పట్టాళానికి పంపే ఊళ్లూ, పాకిస్తాన్ జైలు నుంచి తిరిగొచ్చిన మత్స్యకారుల ఊళ్లూ ఉన్న జిల్లాలివి. కాబట్టి చెప్పక తప్పడం లేదు. యుద్ధఖైదీని చూసుకునే తీరు పగకో జాలికో వదిలేసిన వ్యవహారం కాదు. అదంతా కాగితం మీద నడిచే పని. కాగితం పుట్టిన మనిషి ఇంటికొస్తాడు. పుట్టనివాడి కోసం ఇంటివాళ్లు యాభై ఏళ్లు ఎదురు చూస్తారు.

ముందు ఆ బిర్యానీ సంగతి తేల్చేద్దాం. ముంబయి దాడుల కేసులో కసబ్ జైల్లో మటన్ బిర్యానీ అడిగాడని ఊరూవాడా ప్రచారమైంది. అది తాను కల్పించిన మాటేనని ప్రభుత్వ న్యాయవాది ఉజ్వల్ నికం 2015లో స్వయంగా ఒప్పుకున్నారు. పైగా కసబ్ యుద్ధఖైదీ కానే కాదు. మామూలు చట్టాల కింద విచారణ జరిగి, 2012 నవంబరు 21న ఉరి పడ్డ నేరస్థుడు. యుద్ధఖైదీ శిక్ష అనుభవించే మనిషి కాదు. తన దేశం తరఫున పోరాడటం నేరం కాదు గనుక అతనికి శిక్షంటూ లేదు. మళ్లీ తుపాకీ పట్టకుండా పోరు ముగిసేదాకా ఆపి ఉంచుతారు, అంతే. అందుకే అతన్ని నేరస్థుల జైల్లో పెట్టరాదంటుంది మూడో జెనీవా ఒప్పందం 22వ ఆర్టికల్. అతని మేలు కోసమే అవసరమైతే తప్ప.

ఆ ఒప్పందం 1949 ఆగస్టు 12న కుదిరింది. మొత్తం 143 ఆర్టికల్స్. మన దేశం 1950లో ఆమోదించి, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసుకుంది. "యుద్ధం ప్రకటించలేదు కదా, ఇది ఎలా వర్తిస్తుంది" అని చట్టసభల్లో కూర్చున్నవాళ్లే అడుగుతుంటారు. రెండో ఆర్టికల్ చదివితే ఆ అనుమానం ఉండదు. రెండు దేశాల సైన్యాలు తలపడితే చాలు, ప్రకటనతో పనిలేదు. కార్గిల్‌లో ఎవరూ యుద్ధం ప్రకటించలేదు, అయినా ఒప్పందం వర్తించింది. ఎవరు యుద్ధఖైదీ అవుతారో నాలుగో ఆర్టికల్ చెబుతుంది. సైనికుడైతే పేచీ లేదు. సైన్యం కాని సాయుధ దళమైతే నాలుగు షరతులున్నాయి: బాధ్యత వహించే నాయకుడు, దూరం నుంచే గుర్తుపట్టే చిహ్నం, ఆయుధం దాచకుండా మోయడం, యుద్ధ నియమాలు పాటించడం. పౌరుల వేషంలో వచ్చి బాంబు పెట్టేవాడు ఇందులో తేలడు. ఒకవేళ అనుమానమొస్తే, తగిన ట్రిబ్యునల్ తేల్చేదాకా యుద్ధఖైదీగానే చూడాలని అయిదో ఆర్టికల్. టీవీ యాంకర్ తేల్చకూడదని దాని తాత్పర్యం.

ఇక పట్టుబడ్డ గంట నుంచి ఏం జరగాలి? ఆయుధాలు, సైనిక పత్రాలు తీసుకుంటారు. హెల్మెట్, గ్యాస్ మాస్క్, బట్టలు, భోజనం గిన్నె అతని దగ్గరే ఉండాలి. ర్యాంకు బ్యాడ్జీ, పతకాలు ఊడదీయకూడదు. డబ్బు తీసుకోవాలంటే అధికారి ఆదేశం ఉండాలి, మొత్తం రిజిస్టరులో ఎక్కాలి, తీసుకున్నవాడి పేరు, ర్యాంకు, యూనిట్ కనబడేలా రసీదు ఇవ్వాలి. అడిగితే అతను చెప్పి తీరవలసినవి నాలుగే: పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సైనిక నంబరు. మిగతాది రాబట్టడానికి కొట్టడం, బెదిరించడం, తిట్టడం కూడా నిషిద్ధం. ప్రతి సైనికుడికీ అతని దేశం ముందే ఇచ్చిన గుర్తింపు కార్డు ఉంటుంది. వీలైనంతవరకు ఆరున్నర బై పది సెంటీమీటర్ల సైజు, రెండు ప్రతులు. అడిగితే చూపించాలి గానీ, దాన్ని లాక్కునే హక్కు ఎవరికీ లేదు. తర్వాత వీలైనంత త్వరగా కాల్పుల పరిధి దాటించి వెనక్కి పంపాలి.

చెడేది ఎక్కువగా ఇక్కడే. పక్కవాడు నేలకొరిగిన కోపంలో ఉన్న యూనిట్ చేతిలో, లేదా చుట్టుముట్టిన ఊరిజనం చేతిలో గడిచే మొదటి కొన్ని గంటల్లో. 2019 ఫిబ్రవరి 27న వింగ్ కమాండర్ అభినందన్‌ను ముందు కొట్టింది స్థానికులు, విడిపించింది పాకిస్తాన్ సైనికులు. అందుకే పన్నెండో ఆర్టికల్ ఖైదీ బాధ్యతను పట్టుకున్న యూనిట్ మీద కాక, ఆ దేశ ప్రభుత్వం మీద పెట్టింది. "కిందివాళ్లు చేశారు, మాకు తెలియదు" అనే సాకు చెల్లదు.

క్యాంపు చేరాక అసలు కాగితం పుడుతుంది. దాన్ని క్యాప్చర్ కార్డు అంటారు. క్యాంపులో అడుగుపెట్టిన వారం లోపు ఖైదీ తన చేత్తో రెండు కార్డులు రాసే వీలుండాలి. ఒకటి ఇంటికి, రెండోది జెనీవాలో రెడ్‌క్రాస్ నడిపే, ఖైదీల ఆచూకీ చూసే కేంద్ర సంస్థకు. ఫలానావాణ్ణి, పట్టుబడ్డాను, నా ఆరోగ్యం ఇలా ఉంది, నా చిరునామా ఇది. అంతకుమించి ఏమీ ఉండదు అందులో. ఆ తర్వాత నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకోవచ్చు. మరోవైపు, పట్టుకున్న దేశం సమాచార విభాగం ఒకటి తెరిచి ప్రతి ఖైదీ వివరం, బదిలీ, జబ్బు, చావు అన్నీ పంపుతూ ఉండాలి. రెడ్‌క్రాస్ ప్రతినిధులు ఎక్కడికైనా వెళ్లి, పక్కన కాపలావాళ్లు లేకుండా ఖైదీతో మాట్లాడొచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కదానిలోకైనా పేరు ఎక్కిందా, ఆ మనిషిని మాయం చేయడం కష్టం. ఏ దాంట్లోకీ ఎక్కలేదంటే "మా దగ్గర అలాంటివాడు లేడు" అన్న ఒక్క మాటతో పని అయిపోతుంది.

1971 యుద్ధం నుంచి తిరిగిరానివాళ్ల విషయంలో జరిగింది అదే. పాకిస్తాన్ చెరలో ఉన్నారని నమ్ముతున్న మన సైనికులు 83 మంది అని, అందులో 54 మంది యుద్ధఖైదీలని కేంద్రం 2019లో పార్లమెంటుకు చెప్పింది. తమ దగ్గర ఒక్కరూ లేరన్నది పాకిస్తాన్ మాట. 2007లో బంధువులు కొందరు అక్కడి జైళ్లకు వెళ్లి చూసొచ్చారు, ఎవరూ దొరకలేదు. ఏ పార్టీ ప్రభుత్వంలో ఉన్నా ఎదుటి పార్టీ ఈ 54 సంఖ్యను విసురుతుంది, కుర్చీ మారగానే ఇద్దరి నోళ్లూ తారుమారవుతాయి.

తిండి గురించి గొడవ పడేవాళ్లు 26వ ఆర్టికల్ చూడాలి. బరువు తగ్గకుండా, పోషకాహార లోపం రాకుండా ఎంత కావాలో అంత, వాళ్ల ఆహారపుటలవాట్లు గమనంలో ఉంచుకుని పెట్టాలి. ఒకడి తప్పుకు అందరి తిండీ కోయడం కుదరదు. పొగతాగడానికి కూడా అనుమతి ఉంది. కనీసం నెలకోసారి వైద్య పరీక్ష, అందులో బరువు తూచి రాయడం తప్పనిసరి. ఖైదీకి నెలనెలా ఇచ్చే జీతం బయానా (అడ్వాన్సు) అని ఒకటుంది. సార్జెంటు కంటే కిందివాళ్లకు నెలకు 8 స్విస్ ఫ్రాంకులు, సార్జెంట్లకు 12, మేజర్ కంటే కింది అధికారులకు 50, మేజర్ నుంచి కల్నల్ వరకు 60, జనరల్స్‌కు 75. 1949 నాటి అంకెలు, అలాగే ఉండిపోయాయి. అధికారుల చేత బలవంతంగా పని చేయించరాదు. మందుపాతరలు తీయించడం లాంటి ప్రమాదకరమైన పని, వాళ్లంతట వాళ్లు ముందుకొస్తే తప్ప, ఎవరి చేతా చేయించరాదు.

ఇదంతా శత్రువుకు చేసే ఉపకారంలా కనిపించొచ్చు. బొబ్బిలి యుద్ధం కథ విని పెరిగినవాళ్లకు దీని లెక్క వేరేగా అర్థం కావాలి. 1757 జనవరిలో కోట కూలుతుంటే లోపలివాళ్లు తమ ఆడవాళ్లను, పిల్లలను తమ చేతులతోనే చంపుకున్నారు. అవతలివాళ్లకు చిక్కితే ఏమవుతుందోనన్న భయం అంత పని చేయించింది. 1971 డిసెంబరు 16న ఢాకాలో జరిగింది దానికి తలకిందులు. లొంగినవారిని జెనీవా ఒప్పందం ప్రకారం గౌరవంగా చూస్తామని మన జనరల్ అరోరా ఇచ్చిన హామీ లొంగుబాటు పత్రంలోనే రాసి ఉంది. ఆ సంతకం కింద దాదాపు 93,000 మంది పాకిస్తానీలు మన అధీనంలోకి వచ్చారు. ఇల్లిల్లూ తిరిగి పోరాడాల్సి వస్తే మనవాళ్లు ఎందరు పోయేవారో ఊహించుకోవచ్చు.

అయితే ఆ 93,000 మంది విషయంలో మన చేతులూ పూర్తిగా శుభ్రం కావు, ఈ మాట ఎవరికీ రుచించకపోయినా. పోరు ఆగాక ఆలస్యం లేకుండా ఖైదీలను పంపేయాలని 118వ ఆర్టికల్. మనం చివరివాణ్ణి పంపేసరికి 1974 ఏప్రిల్ వచ్చింది. వాళ్లు భారత, బంగ్లాదేశ్ ఉమ్మడి కమాండ్‌కు లొంగారు కాబట్టి బంగ్లాదేశ్ ఒప్పుకోనిదే పంపలేమన్నది మన వాదన. ఇందులో 195 మందిని యుద్ధ నేరాలకు విచారించి తీరాలని బంగ్లాదేశ్ ప్రధాని ముజీబ్ పట్టు. వాళ్లను అప్పగించరాదని పాకిస్తాన్ 1973 మేలో అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కి, ఆ ఏడాది చివర్లో కేసు వెనక్కి తీసుకుంది. 1972 జులై సిమ్లా ఒప్పందంలో ఈ ముడి విడలేదు. గెలిచినదంతా బల్ల మీద పోగొట్టారని ఇక్కడ జనసంఘ్ ఇందిరా గాంధీ మీద విరుచుకుపడింది. పాకిస్తాన్‌లో ఖైదీల కుటుంబాలు అధ్యక్షుడు భుట్టోను నిలదీశాయి. 1973 ఆగస్టు 28 ఢిల్లీ ఒప్పందంతో తరలింపు మొదలైంది. పాకిస్తాన్ బంగ్లాదేశ్‌ను గుర్తించాక, 1974 ఏప్రిల్ 9న మూడు దేశాలూ సంతకం చేసి ఆ 195 మందిని కూడా విచారణ లేకుండానే వదిలేశారు. ముగ్గురు నాయకులు మనుషులను పేకముక్కల్లా పట్టుకుని కూర్చున్నారనడానికి మాకు సంకోచం లేదు.

అదే యుద్ధంలో ఒప్పందం పనిచేసిన ముచ్చట ఒకటుంది. రావల్పిండి క్యాంపులో ఉన్న మన వాయుసేన అధికారులు పారుల్కర్, గ్రేవాల్, హరీష్ సిన్హ్‌జీ 1972 ఆగస్టులో గోడకు కన్నం వేసి పారిపోయారు. అఫ్గాన్ సరిహద్దు కొద్ది దూరం ఉందనగా లండీకోతల్ దగ్గర దొరికారు. యుద్ధఖైదీ పారిపోబోయి దొరికితే క్రమశిక్షణ చర్య తప్ప నేర శిక్ష వేయరాదని 92వ ఆర్టికల్. ఆ క్రమశిక్షణ కూడా ఒక్కసారికి 30 రోజులు మించరాదు. ఆ ముగ్గురూ 1972 డిసెంబరులో మిగతావారితో పాటు వాఘా దాటి ఇంటికొచ్చారు.

కార్గిల్‌లో రెండు కథలు. ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత 1999 మే 27న పట్టుబడి, జూన్ 3న రెడ్‌క్రాస్ ద్వారా తిరిగొచ్చారు. కెప్టెన్ సౌరభ్ కాలియా, ఆయన వెంట గస్తీకి వెళ్లిన అయిదుగురు జవాన్లు మే 15న చిక్కారు. జూన్ 9న శవాలుగా, చిత్రహింసల గాయాలతో వచ్చారు. ఒప్పందం భాషలో ఇది ఘోర ఉల్లంఘన. ఇందులోనూ రాజకీయం చూడండి. అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లలేమన్నది ముందు నుంచీ కేంద్రం వైఖరి. కామన్వెల్త్ దేశాల మధ్య వివాదాలను ఆ కోర్టు పరిధిలోకి ఒప్పుకోబోమని మనమే 1974లో రాసిచ్చుకున్నాం. ప్రతిపక్షంలో ఉండగా దాన్ని తిట్టిన పార్టీ అధికారంలోకి వచ్చి అదే జవాబు ఇచ్చింది. 2015 జూన్‌లో గగ్గోలు పుట్టాక, సుప్రీంకోర్టు అనుమతి అడుగుతామని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించాల్సి వచ్చింది.

మన 1960 చట్టంలోనూ ఒక మెలిక ఉంది. యుద్ధఖైదీని బుద్ధిపూర్వకంగా చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం, ఇతర ఘోర ఉల్లంఘనలకు 14 ఏళ్ల దాకా జైలు. వినడానికి గట్టిగానే ఉంది. కానీ 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం గానీ, అది నియమించిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు చేపడుతుంది. కన్నతండ్రి వెళ్లి కేసు పెట్టలేడు. ఈ సెక్షన్ మార్చమని మన రెండు జిల్లాల ఎంపీలు ఒక ప్రైవేటు బిల్లు పెడితే, అది వంద టీవీ చర్చల కంటే ఎక్కువ పని.

మీ పత్రికకూ ఒక మాట. ఖైదీని అవమానం నుంచీ, జనం వింతచూపు నుంచీ కాపాడాలంటుంది పదమూడో ఆర్టికల్. నచికేతను విలేకరుల ముందు అప్పగిస్తామంటే అప్పటి మన హైకమిషనర్ జి.పార్థసారథి ఒప్పుకోలేదు. కళ్లకు గంతలతో అభినందన్ వీడియో బయటికొస్తే మన విదేశాంగ శాఖ దీని ఆధారంగానే అభ్యంతరం చెప్పింది. మనకు దొరికినవాడి ముఖం మొదటి పేజీలో వేసుకుంటే రేపు ఆ అభ్యంతరానికి బలముండదు. ఇక నాయకుల సంగతా? 2020 అక్టోబరులో పాకిస్తాన్ పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యుడు అయాజ్ సాదిఖ్, అభినందన్‌ను వదిలేసే ముందు విదేశాంగ మంత్రి ఖురేషీ కాళ్లు వణికాయన్నారు. అక్కడ దేశద్రోహి అన్నారు ఆయన్ని. ఇక్కడ ఆ ముక్క పట్టుకుని పాలకపక్షం కాంగ్రెస్ మీద పడింది. పట్టుబడి తిరిగొచ్చిన మనిషి మాత్రం రెండు దేశాల్లోనూ రాజకీయ పోస్టరయ్యాడు.

ఈ జబ్బు మనదొక్కరిదే కాదు. 2002 ఫిబ్రవరి 7న అమెరికా అధ్యక్షుడు బుష్ ఒక ఉత్తర్వుతో అల్ ఖైదాకు జెనీవా ఒప్పందం వర్తించదనీ, తాలిబన్లు యుద్ధఖైదీలు కారనీ తేల్చేశారు. అయిదో ఆర్టికల్ చెప్పిన ట్రిబ్యునల్ ఊసే లేదు. 2005లో అదే పార్టీ సెనేటర్ మెకెయిన్ ఖైదీలను క్రూరంగా చూడరాదని సవరణ పెడితే, ఉపాధ్యక్షుడు చెనీ గూఢచారి సంస్థకు మినహాయింపు కోసం పట్టుబట్టారు. సెనేట్ 90–9 తేడాతో సవరణ వైపే నిలిచింది. మెకెయిన్‌కు ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఆయన హనోయ్‌లో అయిదున్నరేళ్లు ఖైదీ. ఆయన్ని కూడా ఉత్తర వియత్నాం యుద్ధఖైదీ అనలేదు, యుద్ధ నేరస్థుడంది. అంటే పేరు మార్చి హక్కు తీసేసే ఉపాయాన్ని బుష్ కంటే ముందే హనోయ్ వాడింది.

మన తీరానికి కావలసింది కూడా పేరు సంగతే. 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన రెండు జిల్లాల కలాసీలు ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. 20 మంది 2020 జనవరిలో వాఘా దాటారు. అప్పుడు వేదికల మీద వాళ్లను యుద్ధఖైదీలతో పోల్చినవాళ్లు ఉన్నారు. మంచి ఉద్దేశంతోనే కావచ్చు, కానీ ఆ పోలిక వాళ్లకు హాని. మత్స్యకారులు పౌరులు. వాళ్లకు వేరే కాగితాలున్నాయి. సముద్ర చట్టం ఒప్పందం 73వ ఆర్టికల్ ప్రకారం, తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటిన ఆర్థిక మండలంలో అక్రమంగా చేపలు పట్టినందుకు, దేశాల మధ్య వేరే అంగీకారం లేకుంటే, జైలు శిక్షే వేయకూడదు. పూచీకత్తు తీసుకుని బోటునూ మనుషులనూ త్వరగా వదలాలి. రెండు దేశాలూ దాన్ని ఆమోదించాయి. గుజరాత్, పాకిస్తాన్ మధ్యనున్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర గీత ఎక్కడుందో తేలలేదు గనుక, బోటు నడిపే తండేలు ఏ గీత దాటాడో రుజువు చేయడం ఎవరి వల్లా కాదు.

రెండోది 2008 మే 21 ఒప్పందం. అరెస్టు సంగతి వెంటనే తెలపాలి, మూడు నెలల్లో మన హైకమిషన్ అధికారులను కలవనివ్వాలి, జాతీయత తేలి శిక్ష పూర్తయిన నెల లోపు పంపేయాలి. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ జాబితాలు మార్చుకుంటాయి. ఎక్కువగా ఆగేది జాతీయత దగ్గర. అక్కడ రాసుకున్న పేరు విదేశాంగ శాఖకు, అక్కణ్ణుంచి హోంశాఖకు, రాష్ట్రానికి, చివరికి ఊరి పోలీసుకు, తహసీల్దారుకు వచ్చి, అదే దారిన వెనక్కి పోవాలి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. అక్కడివాళ్లు తండ్రి పేరు అడిగి, విన్నట్టు ఉర్దూలో రాసుకుంటారు. అది ఇంగ్లిషులోకి మారి మన తహసీల్దారు బల్ల మీదికొచ్చేసరికి ఆధార్‌లోని పేరుకు, దీనికి పొంతన ఉండదు. ఒక అక్షరం తేడాతో నెలలు పోతాయి.

కాబట్టి ఎంపీలు అడగాల్సింది ఇది: జులై, జనవరి జాబితాల్లో శ్రీకాకుళం, విజయనగరం పేర్లున్నాయా, ఉంటే ఎవరి జాతీయత పత్రం ఏ బల్ల మీద ఉంది, ఎన్ని రోజులైంది. బోటు పట్టుకున్నప్పుడు అందులో ఉన్న కార్డులు, ఫోన్లు దాంతోపాటే పోతాయి. సైనికుడి కార్డుకున్న రెండో ప్రతి మత్స్యకారుడికి లేదు. అందుకని ఆగస్టులో గుజరాత్ రైలెక్కే ముందే మత్స్యకార గుర్తింపు కార్డు, ఆధార్, ఫొటో, తండ్రి పేరు, బోటు యజమాని ఫోను నంబరు ఉన్న ఒక కాగితం ఇంట్లో, ఒకటి మత్స్యశాఖ కార్యాలయంలో ఉంచాలి. పేరు స్పెల్లింగ్ అన్నింట్లోనూ ఒకటే ఉండేలా చూసుకోవాలి.

ఇట్లు,
కొందరు మాజీ సైనికులు, న్యాయవాదులు
శ్రీకాకుళం